లూర్ తయారీ కిట్, నా రాగి గొట్టాలు: రెండు సీజన్లు వాడాక

రెండు సీజన్లుగా నా పని గదిలో ఒక లూర్ తయారీ కిట్ ఉంది. లూర్ అంటే చేపని మోసగించే నకిలీ ఎర. అడుగున్నర పొడవు ప్లాస్టిక్ డబ్బా, లోపల ఇరవై నాలుగు గళ్ళు. కొన్న రోజు అన్ని గళ్ళూ నిండుగా ఉండేవి. ఇప్పుడు తొమ్మిది గళ్ళు పూర్తిగా ఖాళీ. మూడు గళ్ళలో సామాను మాత్రం కొంచెం వాడి చూశాక, మొన్నటిదాకా ముట్టుకోకుండా అలాగే ఉంచేశాను. కొనాలనుకునేవాళ్ళకి ఆ ఖాళీ అయిన గళ్ళ గురించీ, ఆ ముట్టుకోని గళ్ళ గురించీ వివరంగా చెబుదామని రాస్తున్నాను.

నేను ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే మెకానిక్‌ని. సముద్రంలో రాడ్ వేసి చేపలు పట్టడం పదకొండేళ్ళుగా అలవాటు. పడవ లేదు, బండల మీంచే వేస్తాను. బండల మీంచి వేసేవాళ్ళకి తెలుసు, లూర్లు ఎక్కువగా పోయేది రాళ్ళ సందుల్లోనే. ఒకరోజు తెల్లవారుజామున గంటన్నరలో నాలుగు పోయాయి. నాలుగూ మంచి కంపెనీవి. నాలుగోది తెగాక ఐదోది కట్టడానికి చెయ్యి రాలేదు. అప్పటికి ఎండ కూడా రాలేదు, చిన్న చేపలు నీళ్ళ మీద చిమ్ముతున్నాయి, వాటి కింద పెద్దవి ఉన్నాయని తెలుస్తూనే ఉంది. అయినా రాడ్ సర్దుకుని ఇంటికొచ్చేశాను. ఆ రోజంతా మనసు బాగోలేదు. లూర్ పోతుందన్న భయంతో రాళ్ళకి దూరంగా వేస్తే చేప పడదు, పెద్ద చేప కాచుకుని ఉండేది ఆ రాళ్ళ అంచునే. పోయినా బాధ లేకుండా ధైర్యంగా వేయగలిగే లూర్ కావాలి నాకు. ఆ వారమే ఈ కిట్ తెప్పించాను.

డబ్బాలో ఉన్నవి ఇవీ: పన్నెండు స్పూన్ రేకులు (చెంచా గిన్నెలా వంచిన లోహపు ముక్కలు), ఆరు స్టీలువి, ఆరు ఇత్తడివి. రెండు సైజుల స్ప్లిట్ రింగులు, అంటే తాళాల రింగులా రెండు చుట్లు తిరిగి, హుక్‌ని రేకుకి తగిలించేవి. ఇరవై ట్రెబుల్ హుక్‌లు, ఒక్కోదానికి మూడు కొక్కేలు. మెరుపు స్టిక్కర్లు, అంటించే కళ్ళు, రంగు ఈకలు, కాస్త స్టీలు తీగ. ఒక చిన్న యూవీ రెసిన్ (అతినీలలోహిత వెలుగుకి గట్టిపడే జిగురు) సీసా, దాన్ని గట్టిపరచడానికి వేలెడు టార్చి. ఇంకా ఒక కాగితం, మూడు బొమ్మలతో. ఆ కాగితం వల్ల ఉపయోగం లేదు. ఏ రింగు ఏ బరువు చేపకి, ఏ హుక్ ఏ రేకుకి అన్నది అందులో ఒక్క ముక్క లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ముందు తెలియాల్సింది అదే కదా.

ముందు బాగున్నవాటి గురించి. స్పూన్ రేకులు నిజంగా బాగున్నాయి. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం, వంపు లోతుగా ఉంది, రెండు చివర్లా చిల్లులు నేరుగా పడ్డాయి. ఇత్తడి రేకుల్లో రెండింటికి చిల్లు అంచున గరుకు మిగిలింది. సన్నటి గుండ్రటి ఆకురాయి లోపల నాలుగుసార్లు తిప్పితే పోయింది. ఇది చిన్న పనే కానీ వదలకండి. ఆ గరుకు రింగుని ప్రతి విసురుకీ కొరుకుతూనే ఉంటుంది.

రేకు నీళ్ళలో ఎలా కదులుతుందో చూడ్డానికి బకెట్ చాలదు. బకెట్లో ప్రతిదీ బాగానే ఊగినట్టు కనిపిస్తుంది. నేను అలలు లేని చోట, నడుము లోతు నీళ్ళలో, రాడ్ కొనకి రెండు మీటర్ల దారం వదిలి పక్కకి లాగి చూస్తాను. ఊగాలి, కానీ గిరగిరా తిరగకూడదు. తిరిగితే దారానికి పురి ఎక్కుతుంది, గంట తిరక్కుండా దారం చిక్కుముడి అవుతుంది. ఈ కిట్ స్టీలు రేకులు మెల్లగా లాగితే చక్కగా ఊగుతాయి, స్పీడు పెంచగానే తిరగడం మొదలుపెడతాయి. తోక వైపు మూడో వంతు దగ్గర ప్లయర్స్‌తో పట్టుకుని కొంచెం, అంటే వేలితో తడిమితే తెలిసేంత మాత్రం, వెనక్కి వంచాను. స్పీడులో కూడా నిలబడ్డాయి. ఆరు రేకులకీ ఇదే చేశాను.

స్పూన్ లూర్ పుట్టిందే వంటింటి చెంచాలోంచి అంటారు. అమెరికాలో వెర్మాంట్‌కి చెందిన జూలియో బ్యూయెల్ 1852లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. తింటుండగా ఆయన చెంచా చెరువులో పడిందనీ, మెరుస్తూ మునుగుతున్న దాన్ని ఒక చేప వచ్చి అందుకుందనీ కథ. కథ నిజమో కాదో గానీ చెంచా మాత్రం పనిచేస్తుంది. కిట్ రేకులు సగం అయిపోయాక పాత స్టీలు చెంచాల కాడలు కోసేసి నేనే చేసుకున్నాను. ఒక జాగ్రత్త ఉంది. స్టీలుకి చిల్లు వేసేటప్పుడు ముందు పంచ్‌తో గుర్తు కొట్టి, ఒక చుక్క నూనె వేసి, డ్రిల్ స్పీడు బాగా తగ్గించి, గట్టిగా నొక్కాలి. స్పీడుగా తిప్పుతూ మెత్తగా ఆనిస్తే ఆ చోటు వేడెక్కి ఇంకా గట్టిపడుతుంది. ఆ తర్వాత బిట్లు అరగాల్సిందే, చిల్లు పడదు. చెంచా గిన్నె భాగాన్ని చేత్తో పట్టుకోకండి, వైస్‌లో బిగించండి. బిట్ పట్టేసిందంటే చెంచా అంచు కత్తిలా తిరుగుతుంది.

ఇక ముట్టుకోని గళ్ళు. మొదటి రెండూ స్ప్లిట్ రింగులవి, మూడోది హుక్‌లది.

కిట్ వచ్చిన మూడో వారం. నేనూ మా బామ్మర్దీ ఎప్పుడూ నిలబడే బండ మీదే ఉన్నాం. ఆటు పూర్తయ్యి పోటు మొదలయ్యే టైం. కిట్ రేకుల్లో ఒక స్టీలుదానికి మెరుపు స్టిక్కర్ వేసి, డబ్బాలోని పెద్ద రింగు, పెద్ద ట్రెబుల్ హుక్ పెట్టి విసిరాను. నాలుగో విసురుకి, లూర్ రాయి అంచుకి పది మీటర్లలో ఉండగా, రాడ్ ఒక్కసారి వంగిపోయింది. అంత బలంగా లాగిన చేప అంతకుముందు ఒక్కసారే తగిలింది నాకు. రీల్ మీద దారం కూస్తూ పోతోంది. నలభై మీటర్ల దాకా పోయి ఆగింది, తల విదిలిస్తోంది, ఆ విదిలింపు చేతికి తెలుస్తోంది. అంతలో ఏమీ లేదు. దారం వదులైపోయింది. తెగిందనుకున్నాను. చుట్టేసరికి రేకు వచ్చింది, హుక్ రాలేదు.

రేకుని అరచేతిలో పెట్టుకుని టార్చి వేశాం. రింగు రెండు చుట్లూ విడిపోయాయి. కింది చుట్టు చివర కొక్కెంలా వంగి బయటికి నిలబడింది, పై చుట్టు గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి సాగింది. లోపలి అంచున హుక్ కన్ను, అంటే రింగు దూరే హుక్ చిల్లు, ఒరుసుకున్న గీత సన్నగా, కొత్తగా మెరుస్తోంది. మా బామ్మర్ది చాలాసేపు చూసి, "బావా, నీ ముడి ఆగింది, దారం ఆగింది. ఇది ఆగలేదు" అన్నాడు.

చేప పోయినందుకు కాదు నా బాధ. మూడు కొక్కేల హుక్ దాని నోట్లో ఉండిపోయింది. ఆ చేప అది పెట్టుకునే తిరుగుతుంది, తినలేక చచ్చినా చస్తుంది. అది నేను కట్టిన లూర్. చవకగా చేసుకున్నంత మాత్రాన చేపకి అలాంటి గతి పట్టించకూడదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఇంట్లోనే పరీక్ష పెట్టాను. వైస్‌లో ఒక గట్టి కొక్కెం బిగించి, దానికి రింగు, రింగుకి ఇంకో కొక్కెం, దానికి బకెట్ తగిలించాను. బకెట్ బరువు ముందే తూచుకున్నాను. గ్యాస్ నింపేటప్పుడు సిలిండర్ తూచే డిజిటల్ కాటా నా దగ్గర ఎలాగూ ఉంది. ఇక లీటరు కొలతతో నీళ్ళు పోస్తూ పోయాను. లీటరుకి కిలో లెక్క. కిట్‌లో చిన్న రింగు ఎనిమిది కిలోల దగ్గర విచ్చుకోవడం మొదలైంది. పెద్ద రింగు పదమూడు దగ్గర. అలాంటివి ఐదేసి పెట్టి చూశాను, ఒకటి అటు, ఒకటి ఇటు, అంతే తేడా. నేను వాడే దారం పదిహేను కిలోల దాకా ఆగేది. అంటే గొలుసులో అన్నిటికన్నా బలహీనమైన లంకె హుక్‌కి ఆనుకుని ఉన్న రింగే. పైగా నీళ్ళు మెల్లగా పోస్తే వచ్చిన లెక్క ఇది. చేప తల విదిలిస్తే పడే జర్కు ఇంకా ఎక్కువ ఉంటుంది.

విడిగా కొన్న, ఎంత బరువు ఆపుతాయో ప్యాకెట్ మీద రాసి ఉన్న రింగులకి అదే పరీక్ష పెట్టాను. నిండు నీళ్ళ డబ్బా, ఇరవై కిలోలు, వేలాడదీసి రాత్రంతా వదిలేశాను. తెల్లారాక చూస్తే రింగులో మార్పు లేదు. ఆ బరువు రాయని రింగుల ప్యాకెట్ ఇక కొనను. కిట్ అమ్మినవాళ్ళకి ఫోటోలు పంపి విషయం రాస్తే మర్యాదగానే బదులిచ్చారు, కానీ మార్చి పంపినవి కూడా అవే రింగులు. అవీ పదమూడు దగ్గరే విచ్చుకున్నాయి.

హుక్‌ల సంగతి. హుక్ పదును చూడ్డానికి మొనని బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా లాగాలి. పదునున్నది గోరుని కరుచుకుని ఆగిపోతుంది, లేనిది జారిపోతుంది. ఇరవైలో ఎనిమిది జారాయి. సన్నటి ఆకురాయితో మొన సరిచేయొచ్చు కానీ, అలా చేస్తే అక్కడ పూత పోతుంది, ఉప్పునీళ్ళు ముందు తినేది ఆ మొననే. ఒకసారి వాడి, మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి పెట్టిన హుక్‌లకి కూడా మూడో రోజుకి కన్ను దగ్గర ఎర్రగా తుప్పు కనిపించింది. ఇవి చెరువుకి పనికొచ్చే హుక్‌లు, సముద్రానికి కాదు. డబ్బా మీద సముద్రానికని రాయడం మాత్రం తప్పు.

హుక్‌ల్ని మార్చాక నా పద్ధతే మారిపోయింది. ట్రెబుల్ మానేసి ఒంటి హుక్ పెట్టడం మొదలుపెట్టాను, ఉప్పునీటికని తగరం పూత వేసినవి. బరువైన లూర్లకైతే హుక్‌ని కింద కాకుండా పైన, దారం కట్టే రింగు దగ్గర, గట్టి అల్లిక తాడుతో వేలాడదీస్తాను. లూర్ అడుక్కి పోయి రాయికి తగిలినా ముందు తగిలేది ఒట్టి తోకే, హుక్ పైనే ఉంటుంది. మార్చక ముందు పదిసార్లు వెళ్ళినప్పుడు పదిహేడు లూర్లు పోయాయి, మార్చాక పదిసార్లలో ఆరు. తేదీలతో సహా నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్క ఇది. పట్టిన చేపని వదిలేయాలన్నా ఒంటి హుక్ అయితే ఒక్క మెలికలో బయటికొచ్చేస్తుంది, చేపకీ గాయం తక్కువ, మన వేళ్ళకీ గాయం తక్కువ.

రెసిన్ గురించి రెండు ముక్కలు. కిట్‌లో రెసిన్ మంచిదే, టార్చి నీరసంగా ఉంది. మందంగా పూసి టార్చి వేస్తే పైన గట్టిపడి లోపల మెత్తగా ఉండిపోతుంది, బండకి ఒక్క దెబ్బ తగలగానే పెచ్చుగా ఊడుతుంది. పల్చగా మూడు పూతలు వేసి, ప్రతి పూతకీ ఎండలో పెట్టాను. అప్పుడు గాజులా నిలబడింది. పూసేముందు రేకుని సాండ్‌పేపర్‌తో కాస్త గీరి, స్పిరిట్‌తో తుడవాలి, నున్నటి లోహానికి రెసిన్ సరిగ్గా పట్టదు. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. గట్టిపడని రెసిన్ ఒంటికి పదే పదే తగిలితే కొందరికి దద్దుర్లు మొదలవుతాయి, ఒకసారి మొదలైతే ఆ తర్వాత కొంచెం తగిలినా వస్తాయి.

మెరుపు స్టిక్కర్ల కన్నా నా సంచిలో ఉండే డక్టు టేపు మేలనిపించింది. డక్టు అతుకులకి వేసే అల్యూమినియం టేపు అది. పాత ఏసీ ఫిల్టర్ జాలీ మీద ఆ టేపు పరిచి, చెంచా వెనక భాగంతో రుద్దితే జాలీ గళ్ళన్నీ టేపు మీద అచ్చుపడతాయి. అచ్చం చేప పొలుసే. దాన్ని రేకుకి అంటించి, వీపు వైపు నల్ల మార్కర్‌తో ఒక గీత గీసి, పైన రెసిన్ వేస్తే కొన్నదానికి తీసిపోదు. మార్కర్ గీత మీద రెసిన్ రుద్దుతూ పూస్తే సిరా చెదురుతుంది, కాబట్టి ముందు ఒక పల్చటి పూత రుద్దకుండా అద్ది గట్టిపడనివ్వాలి. ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా 1936లో చేసిన మొదటి లూర్ సంగతి చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. ఆయన బెండుని చెప్పులు కుట్టే కత్తితో చెక్కాడు, చాక్లెట్ చుట్టిన రేకు అంటించాడు, పైపూతకి ఫోటో నెగెటివ్‌లు కరిగించి వాడాడు. ఇంట్లో ఉన్నవాటితోనే.

కిట్ పక్కన పెట్టి నేను ఎక్కువగా వాడుతున్నవి రాగి గొట్టాలు. ఏసీ బిగించిన ప్రతి చోటా జానెడు, బెత్తెడు ముక్కలు మిగులుతాయి. మూడు బై ఎనిమిది అంగుళాల గొట్టం, అంటే బయటి కొలత 9.5 మిల్లీమీటర్లు, దీనికి సరిగ్గా సరిపోతుంది. ఎనిమిది సెంటీమీటర్ల ముక్క కోస్తాను. ఒక చివర ఒక సెంటీమీటరు వైస్‌లో నొక్కి చప్పగా చేస్తాను. అదే తల. గొట్టాన్ని నిలబెట్టి, సీసం ముక్కలు సన్నగా కత్తిరించి లోపలికి వదులుతూ, ఇనుప కడ్డీతో పొడుస్తూ దట్టిస్తాను. సందులన్నీ నిండేలా నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) పోస్తాను. రెండు భాగాలూ కాటా మీద, సీసా మీద రాసిన పాళ్ళ ప్రకారం తూచి కలపాలి, కంటితో చూసి కలిపితే ఒకోసారి ఎన్ని రోజులైనా జిగురు జిగురుగానే ఉంటుంది. పై సెంటీమీటరు ఖాళీ ఉంచి, దాన్నీ చప్పగా నొక్కేస్తాను. ఎపాక్సీ ఇంకా మెత్తగా ఉండగానే గొట్టం మధ్యలో వైస్‌తో కొంచెం నొక్కి కోలగా చేసి, రెండు బొటనవేళ్ళతో అరటికాయ వంపంత వంచుతాను. మర్నాడు రెండు చివర్లా మూడు మిల్లీమీటర్ల చిల్లులు, అంచులు గుండ్రంగా ఆకురాయితో. కాటా మీద పెడితే 38 గ్రాముల దగ్గర వస్తుంది, రెండు గ్రాములు అటూ ఇటూ.

ఆ వంపే దీని ప్రాణం. నిటారుగా ఉన్న గొట్టం రాయిలా మునుగుతుంది. వంపున్నది పక్కకి దొర్లుతూ, ఒకసారి మెరిసి ఒకసారి మాయమవుతూ దిగుతుంది, దెబ్బ తిన్న చేపలాగే. సీసం మధ్యలో ఎక్కువ ఉంటే ఇలా తేలిగ్గా దొర్లుతుంది. తోక వైపు ఎక్కువ దట్టిస్తే దూరం పోతుంది, త్వరగా దిగుతుంది, ఊగడం తగ్గుతుంది. ఎదురుగాలి రోజుకి తోక బరువువి, గాలి లేని రోజుకి మధ్య బరువువి. కలిసిపోకుండా తోక బరువు వాటికి ఎర్ర ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేస్తాను.

సీసం కరిగించి పోయొచ్చు కదా, ఇంకో పది గ్రాములు బరువు వస్తుంది కదా అని అడిగేవాళ్ళున్నారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, మామూలు గ్యాస్ మంట చాలు. అందుకే అందరికీ తేలికనిపిస్తుంది. నా పనే మంటతో రాగి అతకడం, వేడి లోహం నాకు కొత్త కాదు. అయినా ఇంట్లో సీసం కరిగించను. అచ్చులో ఒక్క చుక్క తడి ఉన్నా చాలు, ఆ నీరు క్షణంలో ఆవిరై కరిగిన సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. పొగా, పైన తేలే బూడిదా ఒంట్లో చేరితే పోవు, చిన్నపిల్లలకి మరీ ప్రమాదం. ముక్కలు కత్తిరించేటప్పుడు కూడా గ్లవ్స్ వేసుకుంటాను, పని అయ్యాక సబ్బుతో చేతులు కడగందే మంచినీళ్ళు కూడా తాగను. సీసం వద్దనుకుంటే బిస్మత్, తగరం కలిపిన మిశ్రమలోహం దొరుకుతుంది, 138 డిగ్రీలకే కరుగుతుంది, విషం బాధ లేదు. సీసమంత బరువు మాత్రం రాదు. నా గొట్టాల్లో సీసం రాగి లోపల, ఎపాక్సీలో మూసుకుని ఉంటుంది కాబట్టి నీళ్ళని నేరుగా తాకదు. అయినా ఎలాగోలా పోతుందిలే అని పారేసుకునే వస్తువు కాదది. బ్రిటన్‌లో హంసలు గాలం దారానికి బరువుగా వేసే సీసం గుళ్ళు మింగి చచ్చిపోతుంటే 1987లో చిన్న సీసం గుళ్ళ అమ్మకాన్నే ఆపేశారు.

రాగికి ఒక లోపం ఉంది. ఉప్పునీళ్ళలో రాగీ ఉక్కూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటే ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. అందుకని స్టెయిన్‌లెస్ రింగులే వాడాలి, ఇంటికి రాగానే రింగులూ హుక్‌లూ తీసి మంచినీళ్ళలో పది నిమిషాలు ఉంచాలి. రాగి రెండో రోజుకే నల్లబడుతుంది. మొదట్లో ప్రతిసారీ రుద్ది మెరిపించేవాణ్ణి. ఇప్పుడు ఒక వైపు మాత్రం రుద్ది, రెండో వైపు నల్లగానే వదిలేస్తున్నాను. దొర్లుతున్నప్పుడు వెలుగూ చీకటీ మార్చి మార్చి కనిపిస్తాయి, చేపలకి అదే నచ్చుతున్నట్టుంది.

మొదటి రాగి గొట్టం మీద పడింది పార చేప. ఉదయం ఆరుంపావు, నీళ్ళు కొంచెం మసకగా ఉన్నాయి. విసిరి, అడుక్కి వెళ్ళనిచ్చి, రెండుసార్లు ఎగరేసి వదిలాను. మూడోసారి దిగుతుండగా మధ్యలోనే దారం ఆగింది. అడుక్కి తగిలిందా అనుకుంటుండగానే పక్కకి పరుగు. రెండు కిలోల ఏడు వందలు. హుక్ పై దవడ మూలలో దిగింది, రింగు గుండ్రం గుండ్రంగానే ఉంది. చేప కన్నా ముందు ఆ రింగునే చూశాను. ఆ నెలంతా ప్రతి చేపకీ అదే చేశాను.

కిట్‌లో ఈకలు పరవాలేదు. చిన్న హుక్‌లకి కట్టి, వైర్ల మీద వేసే, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం ముక్కతో మూసేస్తే కానాగంతలకి బాగా పనిచేస్తాయి. అసలు ఈక లేకుండా తెల్ల హీట్ ష్రింక్ ఒక్కటే కొస ఏటవాలుగా కోసి వదిలినా పడ్డాయి. బారకూడా అనే చేప కోసం ఏసీ నీళ్ళు పోయే పారదర్శక హోస్ సన్నదాన్ని అడుగు పొడవు కోసి, లోపల స్టీలు తీగ వేసి, తోకలో హుక్ పెట్టి, మధ్యలో కొంచెం వంచాను. లాగితే మెలికలు తిరుగుతూ వస్తుంది. ఇది తిరిగే లూరే కాబట్టి ముందు మంచి స్వివెల్ (దారానికి పురి ఎక్కకుండా తిరిగే చిన్న లంకె) ఉండాలి. కిట్‌లోని తీగ దీనికి పనికొచ్చింది. బారకూడా పళ్ళకి మామూలు లీడర్, అంటే లూర్‌కి ముందు కట్టే దారం ముక్క, ఒక్క కాటుకి ఆగదు.

రంగుల గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. నీళ్ళలో ముందు మాయమయ్యేది ఎరుపే, కొన్ని మీటర్ల లోతుకే అది బూడిద రంగులా కనిపిస్తుంది. కిట్‌లో ఎర్ర స్టిక్కర్లే ఎక్కువున్నాయి, చూడ్డానికి మనకి బాగుంటాయి కాబట్టి పెట్టి ఉంటారు. చేప ఆ రోజు తింటున్న ఎర ఎంత పొడవుందో, లూర్ అంతే పొడవుండటం రంగు కన్నా చాలా ముఖ్యం. ఒడ్డున పడిన చిన్న చేపని వేళ్ళతో కొలుచుకుని డబ్బాలోంచి ఆ సైజు తీస్తాను.

మార్కులు వేయమంటే కిట్‌కి ఐదులో రెండున్నర. రేకులకీ రెసిన్‌కీ ఈకలకీ కలిపి ఆ రెండున్నర. డ్రిల్, వైస్ లేనివాళ్ళకి ఆ పన్నెండు రేకుల కోసమైనా కొనొచ్చు, కానీ రింగులూ హుక్‌లూ తీసి పక్కన పెట్టి, ఆ డబ్బు విడిగా పెట్టి మంచివి కొనుక్కోవాలి. పనిముట్లు ఉన్నవాళ్ళు కిట్ జోలికి పోనక్కర్లేదు. ఒక లూర్ వంద విసుర్లు ఆగాలంటే డబ్బు పెట్టాల్సింది రింగుకీ, హుక్‌కీ, తీగకీ. మిగతాదంతా మిగులు సామాన్లతో అయిపోతుంది. దుకాణంలో ఒక మంచి లూర్ కొనే డబ్బుతో, మంచి రింగూ మంచి హుక్కూ వేసి కూడా, నాకు ఏడు రాగి లూర్లు వస్తున్నాయి.

మొన్న మా బామ్మర్ది వచ్చి, కిట్ డబ్బాలో మిగిలిన ఆ ఎర్రగా తుప్పెక్కిన హుక్‌లు తనకిమ్మన్నాడు, చెరువులో వాడతాడట. ఇచ్చాను. రింగులు అడిగాడు, ఇవ్వలేదు. వాటిని ప్లయర్స్‌తో ఒక్కొక్కటే విప్పదీసి పాత ఇనుము డబ్బాలో వేశాను, పొరపాటున కూడా ఇంకో లూర్‌కి ఎక్కకుండా. ఖాళీ అయిన ఆ రెండు గళ్ళలో ఇప్పుడు ఇరవై కిలోల రింగులున్నాయి. బల్ల మీద ఎనిమిది గొట్టాలు కోసి, తలలు నొక్కి, నిలబెట్టి ఉన్నాయి. ఎల్లుండి తెల్లవారుజామున పోటు ఉంది, ఈ రాత్రే ఎపాక్సీ పోయాలి.